గుణనిధికి గుడి, మాకు గబ్బిలం

యూపీయస్సీ సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్ళకి రెండో పేపరు నిండా పాఠ్యగ్రంథాలే. 'ఎ' విభాగంలో శ్రీనాథుడి కాశీఖండం నాలుగో ఆశ్వాసం నుంచి గుణనిధి కథ ఉంది. 'బి' విభాగంలో జాషువా గబ్బిలం మొదటి భాగం ఉంది. ఒకటి శ్రీనాథుడి కాలపు ప్రౌఢకావ్యం. ఇంకొకటి 1941లో వచ్చిన సందేశకావ్యం. ఈ రెంటినీ కలిపి ఎవరూ చదవరు. గైడ్లలో వేరే అధ్యాయాలు, క్లాసుల్లో వేరే రోజులు, పరీక్షలో వేరే ప్రశ్నలు. నేను కలిపి చదివాను. కలిపి చదవక తప్పని చోట పుట్టాను గనక చదివాను.

రెండు కథల్లోనూ దేవుడు శివుడే. రెంటిలోనూ కాశీ ఉంది. రెంటిలోనూ ఆకలితో ఉన్న మనిషి ఉన్నాడు. ఒకడు గుడి లోపలికి పోతాడు, ఒకడు బయట ఆగిపోతాడు. సివిల్స్ పరీక్ష గురించీ, దాని చుట్టూ తిరిగే 'మెరిట్' అనే మాట గురించీ నేను చెప్పదల్చుకున్నదంతా ఆ గుమ్మం దగ్గరే ఉంది.

నాది పెనుబల్లి మండలం. ఖమ్మం జిల్లాలో ఒక చివర. లంకాసాగర్ నీళ్ళు, మామిడితోటలు, జామాయిల్ చెట్లు, ఆ పైన కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగిపోయే అడవి. మా అమ్మ మిరప కోతలకీ పత్తి తీతకీ పోయేది. మా నాయన మామిడితోట కావలి. మాది మాదిగ పల్లె. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. డీయస్సీ రాసి టీచర్నయ్యాను. అడవి అంచున ఉన్న బడిలో కోయ పిల్లలకీ మా పిల్లలకీ పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో చదువుకుంటూ నాలుగుసార్లు ప్రిలిమ్స్ రాశాను. ఒకసారి గట్టెక్కి మెయిన్స్ రాశాను. ఇంటర్వ్యూ దాకా పోలేదు. ఈ వ్యాసం ఆ పరీక్ష ఎట్లా పాసవ్వాలో చెప్పేది కాదు. ఆ పరీక్ష మనచేత ఏం చదివిస్తుందో, దాన్ని ఎట్లా చదవమంటుందో చూసే ప్రయత్నం.

ముందు గుణనిధి సంగతి చూద్దాం. కాంపిల్య నగరంలో యజ్ఞదత్తుడనే సోమయాజి కొడుకు గుణనిధి. జూదగాడు. ఇంట్లో సొమ్ములు పట్టుకుపోయి పందెం కాస్తాడు. తల్లి ఆ తప్పులన్నీ భర్తకి తెలియకుండా దాస్తుంది. చివరికి తండ్రి ఉంగరం ఒక జూదరి వేలికి కనపడి గుట్టు బయట పడుతుంది. గుణనిధి ఇల్లు వదిలి పారిపోతాడు. ఆకలవుతుంది. అది శివరాత్రి. భక్తులు శివుడికి నైవేద్యాలు పట్టుకొస్తారు. వాళ్ళు నిద్రపోయేదాకా ఆగి, ఆ ప్రసాదం కాజెయ్యటానికి గర్భగుడిలోకి దూరతాడు. దీపం మసగ్గా ఉంటుంది. తినేది కనపడటానికి తన గుడ్డ చింపి వత్తి చేసి వెలిగిస్తాడు. పట్టుకుని పారిపోతుంటే కాలు తగిలి ఒకరు లేస్తారు, కావలివాళ్ళు కొడితే చస్తాడు. యమభటులు వస్తారు. శివదూతలూ వస్తారు. శివరాత్రి ఉపవాసం ఉన్నాడు, జాగరణ చేశాడు, గుళ్ళో దీపం పెట్టాడు, కాబట్టి మావాడంటారు శివదూతలు. శివలోకం దొరుకుతుంది. మరుజన్మలో కళింగరాజవుతాడు. ఆ తర్వాత కుబేరుడవుతాడు, శివుడికి చెలికాడవుతాడు.

మన పంతుళ్ళు దీన్ని శివభక్తి మహిమగా చెప్తారు. తెలియక చేసినా పుణ్యం పుణ్యమే అంటారు. నేను ఇందులో మెరిట్ సిద్ధాంతం చూశాను. గుణనిధి ఉపవాసం తిండి దొరక్క. జాగరణ దొంగతనానికి. దీపం తన కంటికి. ఇన్నీ అతని ఖాతాలో పుణ్యంగా జమ కావటానికి కారణం ఒక్కటే, అతను గుడి లోపల ఉన్నాడు. ఆ గుడ్డ వత్తి గుడి బయట వెలిగించి ఉంటే అది గుడ్డ కాలటమే. మావాళ్ళు తరతరాలుగా ఎన్ని శివరాత్రుళ్ళు పస్తున్నారో ఏ చిత్రగుప్తుడు రాశాడు? తోటల్లో, కల్లాల్లో మేల్కొని గడిపిన రాత్రుళ్ళు జాగరణ కాలేదే! పని అదే. చోటు వేరు. చోటుని బట్టే ఒకటి పుణ్యమయింది, ఒకటి కూలి అయింది.

ఇప్పుడు గబ్బిలం. తంజావూరులో ఉన్న ఒక అరుంధతీసుతుడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపింది విరహంతో. ఇతను పంపింది ఆకలితో, అవమానంతో. ఎందుకు గబ్బిలమే? ఆ పక్షికి గుళ్ళోకి అడ్డం లేదు. మనిషికి ఉంది. పూజారి పక్కన లేనప్పుడు దేవుడి చెవిలో వేయమని దానికి చెప్తాడు. తెలుగు కవిత్వంలో ఇంతకన్నా కచ్చితమైన సామాజిక పరిశీలన నాకు కనపడలేదు. అడ్డం దేవుడు కాదు. దేవుడికీ ఇతనికీ మధ్య నిలబడ్డవాడు.

అదే పేపర్లో తిక్కన శ్రీకృష్ణ రాయబారం కూడా ఉంది. అదీ సందేశమే. కృష్ణుడు రథమెక్కి పోతాడు. దారిలో విడిదులు, ఎదురుకోళ్ళు, సభలో ఆసనం. పాండవులు కనీసం అయిదూళ్ళన్నా ఇమ్మన్నారు. జాషువా నాయకుడు ఒక్క గుమ్మం అడిగాడు. పాండవులకి దేవుడే రాయబారి. దేవుడితోనే పనున్న ఇతనికి గబ్బిలం రాయబారి. ఒకే ప్రశ్నపత్రంలో ఇంత కథ ఉంటే, 'రాయబారంలో రాజనీతి చర్చించండి' అన్న దగ్గరే మన చదువు ఆగిపోతుంది.

మా నాయనకి గబ్బిలాలు బాగా తెలుసు. కాయ రంగు తిరిగే రోజుల్లో రాత్రంతా రేకుడబ్బా కొడుతూ వాటిని తోలేవాడు. తోట ఆసామిది, కాయ ఆసామిది, పోయిన నిద్ర మాత్రం మా నాయనది. ఒకసారి సెలవుల్లో ఇంటి ముందు మంచం మీద కూర్చుని గబ్బిలం చదువుతుంటే ఏందిరా అదని అడిగాడు. కథ చెప్పాను. కాసేపు ఆలోచించి, "గబ్బిలాయిని ఎన్నిసార్లు తోలినా మళ్ళా వచ్చుద్దిరా. అందుకే దాన్ని పంపి ఉంటాడు," అన్నాడు. నేను చదివిన ఏ వ్యాఖ్యానంలోనూ ఈ మాట లేదు. బడి మొహం చూడని మనిషి చెప్పిన విమర్శ ఇది. గబ్బిలం దీనమైన ప్రాణి అని రాశారు గాని, మొండి ప్రాణి అని రాసినవాళ్ళు నాకు తగల్లేదు.

దీనికి ఎదురుగా ఇంకో వ్యాఖ్యానం విన్నాను. వేసవి సెలవుల్లో హైదరాబాదులో ఒక కోచింగ్ క్లాసులో కూర్చున్నాను. ఆ సంస్థ పేరు అనవసరం. అక్కడి లెక్చరరు గబ్బిలం ఒక పూటలో ముగించాడు. "కరుణరసం, దేశభక్తి, సందేశకావ్య లక్షణాలు. ఈ మూడు హెడ్డింగులు పెట్టండి చాలు. కులం జోలికి ఎక్కువ పోవద్దు. పేపరు దిద్దేది ఎవరో మనకి తెలీదు," అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. మా మార్కులు పోకూడదనే చెప్పాడు. కాని ఆ మాటలో ఉన్నదేమిటి? పూజారి ఉన్నాడు జాగ్రత్త అనే గదా! గబ్బిలం మీద జవాబు రాసేటప్పుడు కూడా గబ్బిలంలోని భయమే పాటించాలన్నమాట. పద్యాన్ని పాఠంగా లోపలికి రానిచ్చారు. పద్యం అడిగిన ప్రశ్నని గుమ్మం బయటే ఉంచారు.

కరుణరసం అన్న మాట మీద నాకు తగువుంది. కరుణ చదివేవాడిని ఏడవమంటుంది. ఏడ్చినవాడు తేలికపడి ఇంటికి పోతాడు. గబ్బిలం ఏడిపించి వదిలే కావ్యం కాదు. లెక్క అడిగే కావ్యం. ఇతని రెక్కల కష్టం లేకపోతే పంట పండదని చెప్పి, పంట పెట్టేవాడికి కూడెందుకు లేదని అడుగుతుంది. చీమలకి చక్కెర, పాములకి పాలు పెట్టే ధర్మం ఈ మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగిపోతుందని అడుగుతుంది. కర్మ అని చెప్పి నోరు మూయించే తర్కాన్ని నిలదీస్తుంది. కష్టం ఇది, హక్కు ఇది, అడ్డం ఇది, నాకు కావాల్సింది ఇది. దీని నిర్మాణం అర్జీ నిర్మాణం. అలంకారశాస్త్రంలో అర్జీకి రసం పేరు లేదు గనక కరుణ అని పేరు పెట్టి సర్దేశారు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. గబ్బిలం 1941. ఆ మరుసటి ఏడు, 1942లో, వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడైన అంబేద్కర్ షెడ్యూల్డు కులాల కష్టాల మీద ప్రభుత్వానికి ఒక వినతిపత్రం ఇచ్చాడు. ఉద్యోగాల్లో వాటా అందులో ప్రధానమైన కోరిక. 1943 ఆగస్టులో సమాధానం వచ్చింది. కేంద్ర సర్వీసుల్లో 8.33 శాతం ఖాళీలు, వయసులో మూడేళ్ళ సడలింపు, పరీక్ష ఫీజు నాలుగో వంతు. 1970 నాటికి అది 15 శాతమయింది. ఒక అర్జీ కాశీకి పోయింది, ఒకటి ఢిల్లీకి పోయింది. ఢిల్లీకి పోయిన దానికి జవాబొచ్చింది. రెండో అర్జీ పట్టుకుపోయినవాడు పూజారి లేని వేళ కోసం చూడలేదు. పూజారులు కూర్చున్న సభలోనే కూర్చుని చదివాడు.

ఇవాళ నేను సివిల్స్ అప్లికేషన్ పెట్టేటప్పుడు 100 రూపాయల ఫీజు దగ్గర ఎస్సీ అని పెడితే ఫీజు లేదని వస్తుంది. జనరల్ వాళ్ళకి 32 ఏళ్ళు, మాకు 37. వాళ్ళకి ఆరుసార్లు, మాకు వయసున్నంతకాలం. స్టాఫ్‌రూములో ఒక తోటి మాస్టారు నవ్వుతూ, "మీకేం సార్, కేటగిరీ ఉంది," అంటాడు. నేను తగువు పెట్టుకోను. కాని ఆ అయిదేళ్ళు ఎక్కడ పోయినయ్యో నాకు లెక్క తెలుసు. డిగ్రీలో ఉండగా మిరప సీజన్‌లో కాలేజీ మానిన నెలలు, టీచరయ్యాక తమ్ముడి చదువుకీ నాయన ఆపరేషన్‌కీ తెచ్చిన అప్పు తీర్చిన ఏళ్ళు. సడలింపు అంటారు గాని, అది మా దగ్గర ముందే తీసుకున్నదాంట్లో కొంత తిరిగివ్వటం.

ఇక పూజారి సంగతి. ఈ పరీక్షలో పూజారి మనిషి కాదు, భాష. డి.యస్.కొఠారి కమిటీ 1976లో ఇచ్చిన నివేదిక మీద 1979 నుంచి మెయిన్స్ జవాబులు భారతీయ భాషల్లో రాసే వీలొచ్చింది. అది పెద్ద తలుపే తెరిచింది. కాని ప్రిలిమ్స్ ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. మెయిన్స్ జనరల్ స్టడీస్ ప్రశ్నలూ అంతే. తెలుగులో రాయొచ్చు, తెలుగులో అడగరు. 2011లో సీశాట్ పెట్టారు. హిందీ ప్రాంతాల పిల్లలు 2014లో రోడ్డెక్కాక, 2015 నుంచి దాన్ని 33 శాతంతో అర్హత పేపరు చేశారు. 2013 మార్చిలో ఒక నోటిఫికేషన్ వచ్చింది. ఒక ప్రాంతీయ భాషలో కనీసం 25 మంది అభ్యర్థులు లేకపోతే ఆ మీడియం ఉండదని, డిగ్రీ కూడా ఆ భాషలోనే చదివుండాలని. గొడవయితే అదే నెలలో వెనక్కి తీసుకున్నారు. 1979లో తెరిచిన తలుపు 2013లో మూయబోయారు. తలుపు దగ్గర మనిషి ఉండాలనేది అందుకే.

ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నని మనసులో తెలుగు చేసుకుని, జవాబు ఆలోచించి, తెలుగులో కాగితం మీద పెట్టటానికి పట్టే టైము ఎవరూ లెక్కలో వెయ్యరు. ఆ నిమిషాలు మా మార్కుల్లోంచి పోతాయి. ఇంట్లో ఇంగ్లీషు పేపరు చదువుకుంటూ పెరిగినవాడికి అవి మిగులుతాయి. ఆ మిగులుని తెలివి అంటారు. వాళ్ళంతా గుణనిధులని నేను అనను. కష్టపడి చదివినవాళ్ళున్నారు. కాని వాళ్ళు వెలిగించిన దీపం గుడి లోపలిది. లోపల ఉండటానికి ఒక విలువ ఉంది, ఆ విలువని ఏ మార్కుల జాబితాలోనూ చూపించరు. నా అభ్యంతరం అదే.

మరి మనవాళ్ళు పోలేదా అని అడుగుతారు. పోయారు. కృష్ణాజిల్లా నుంచి కాకి మాధవరావు గారు 1962 బ్యాచ్‌లో ఐఏయస్ అయి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రధాన కార్యదర్శి దాకా పోయారు. తన ఆత్మకథ పేరులోనే దళిత ప్రధాన కార్యదర్శి కథ అని పెట్టుకున్నారు. శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ టీచరుగా చేసిన రోణంకి గోపాలకృష్ణ 2016 పరీక్షలో తెలుగులో రాసి, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌తో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజు మా మండలంలో టీచర్లందరం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. నాకు ధైర్యమిచ్చింది ఆ వార్తే. కాని దాటినవాళ్ళని చూపించి గోడ లేదనటం తర్కం కాదు. దాటినవాళ్ళు గోడ ఎత్తు చెప్పగలిగే సాక్షులు.

సిలబస్‌నే ఒక సాహిత్య చరిత్రగా చదవండి. మొదటి పేపర్లో ఆధునిక ఉద్యమాల వరుసలో దిగంబర కవులు, స్త్రీవాదం తర్వాత దళిత సాహిత్యం అనే మాట ఉంది. సంతోషం. కాని పాఠ్యగ్రంథాల్లోకొస్తే దళిత కవి జాషువా ఒక్కడే, అదీ మొదటి భాగం వరకే. కుసుమ ధర్మన్న లేడు. 1975లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నాయ్' లేదు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' లేదు. పేరు అడుగుతారు, పాఠం పెట్టరు. ఉద్యమాన్ని నిర్వచించమంటారు, ఉద్యమ కవిత్వం చదవమనరు. జాషువానొక్కణ్ణే పెట్టి, ఆయన్ని కరుణరసంగా చదివితే దళిత సాహిత్యమంటే కన్నీళ్ళని తేలుతుంది. ఆ కన్నీళ్ళు రేపు జిల్లాలకి కలెక్టర్లుగా పోయేవాళ్ళ తలలోకి పోతాయి. వాళ్ళు మా వాడకొచ్చి జాలిపడతారు. లెక్క అడిగితే కోపపడతారు. సాహిత్య విమర్శ పాలనలోకి పోయేది ఇట్లాగే. ఇది పండితుల తగాదా కాదని నేననేది అందుకే.

ప్రిలిమ్స్ పాసయ్యాక ఇంకో పెద్ద ఫారం నింపాలి. తల్లిదండ్రుల వృత్తి అని గడులుంటాయి. నాయన గడిలో తోట కావలి, అమ్మ గడిలో వ్యవసాయ కూలీ అని ఇంగ్లీషులో నింపాను. నెట్ సెంటర్ అబ్బాయి, "మదర్‌కి హౌస్‌వైఫ్ అని పెడదాం సార్, నీట్‌గా ఉంటది," అన్నాడు. వద్దన్నాను. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ, "నా పని గూడా ఢిల్లీకి పోయిందా?" అని రెండుసార్లు అడిగింది. ఆమె యాభై ఏళ్ళ పనికి ఒక కాగితం మీద పేరు పడటం అదే మొదటిసారి. నాకు మెయిన్స్ కంటే ఆ గడి పెద్దగా తోచింది. గబ్బిలంలో ఆ మనిషి రెక్కల కష్టం గురించి చెప్పింది కూడా ఇంతే గదా. మా పనిని పని అని రాయండి.

మెయిన్స్ హైదరాబాదులో రాశాను. రెండో పేపర్లో గబ్బిలం మీద ప్రశ్న వచ్చింది. మూడు హెడ్డింగులు గుర్తొచ్చాయి. అవి పెట్టలేదు. ఇది అర్జీ అని రాశాను. పక్కన గుణనిధిని నిలబెట్టాను. గుడ్డ వత్తి సంగతి రాశాను. గుడి లోపల వెలిగితే పుణ్యం, బయట వెలిగితే మంట అని రాశాను. పేపరు మొత్తానికి మార్కులు చెప్తారు గాని ఏ జవాబుకి ఎంతేశారో చెప్పరు. కాబట్టి ఆ పూట అక్కడ పూజారి ఉన్నాడో లేడో నాకు తెలియదు.

గుణనిధి కథ సిలబస్‌లోంచి తీసెయ్యమని నేను అడగను. శ్రీనాథుడి పద్యం నాకూ ఇష్టమే. ఆ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగమంటాను. తెలుగు చెప్పే మన టీచర్లని తొమ్మిదో తరగతి నుంచే పిల్లల చేత అట్లా చదివించమంటాను. సివిల్స్ రాసే మన పిల్లల్ని కరుణరసం దగ్గర ఆగిపోవద్దంటాను.

నాకు 35 నిండాయి. ఇంకో నోటిఫికేషన్‌కి వయసుంది. లంకాసాగర్ కట్ట మీద తెల్లారుజామున చదువుకుంటున్నాను. ఈసారి గబ్బిలం మీద ప్రశ్న వచ్చినా ఆ జవాబే రాస్తాను, అక్షరాలు ఇంకొంచెం పెద్దగా.